అత్త ఒప్పుకోని మాట

పోయిన వారం శేరిగూడలో, నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగ పరీక్షలకు పిల్లల్ని తయారుచేస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టే తరగతి అది. సగం మంది కళ్లు తెరిచే నిద్రపోతుంటారు, మిగతా సగం ఆ నిద్రపోయేవాళ్ల ఫొటోలు తీస్తుంటారు. ఒక ఇంగ్లీషు వాక్యంలో ఖాళీ వదిలి, కింద నాలుగు మాటలిచ్చారు: హేట్, లోద్, డిటెస్ట్, అభార్. జవాబు అభార్ అని చెప్పి నేను తర్వాతి ప్రశ్నకు పోబోతుంటే, ఎప్పుడూ నోరు విప్పని యాచారం పిల్ల ఒకతె మూడో బెంచీలోంచి లేచి నిలబడింది. "మేడం, నాలుగిట్ల ఏది పెట్టినా ఒక్కటే కద. మస్తు అసహ్యం అనే కద. మరి ఒక్కటే రైట్ అంటే ఎట్ల?" అని అడిగింది. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను. తిరిగినదాన్ని అట్లాగే ఉండిపోయాను. ఆ తేడా నాకు తెలియక కాదు. నలుగురు మనుషులను ముఖాలతో సహా గుర్తుపట్టినంత బాగా తెలుసు. కాని సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను. "రేపు చెప్తా" అని తరగతి పది నిమిషాల ముందే వదిలేశాను. పిల్లలు నన్ను దీవించినంత పనిచేశారు. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా బస్సులో మా అత్త నా పక్క సీట్లోనే కూర్చున్నట్టుంది.

అత్త అంటే మా బాపుకు అక్క. ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దది. నానమ్మ పోయేనాటికి అత్తకు పధ్నాలుగేళ్లు, బాపుకు పది, అందరికంటే చిన్నవాడు మా చిన్నాయన ఇంకా పాలు మరవని పిల్లవాడు. వాణ్ని చంకనేసుకునే అత్త వంట చేసింది, కలుపు తీసింది, ఆదివారం చర్చిలో పాట పాడింది. సంబంధాలు వచ్చినప్పుడల్లా "వీడు జర పెద్దగ కానీ" అనేదట. వాడు పెద్దవాడయ్యేసరికి సంబంధాలు రావడం మానేశాయి. ఆ తర్వాత సిటీలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరి ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. అక్కడ కేరళ నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టర్ ఆమెకు ఇంగ్లీషు నేర్పింది. ఎలాంటి ఇంగ్లీషంటే, మా ఊళ్లో ఎవరికీ అవసరం లేనంత మంచి ఇంగ్లీషు. పని మానేసి మా ఇంటికి వచ్చేసినప్పుడు ఆమె వెంట వచ్చినవి ఒక రేకు పెట్టె, ఒక కుట్టుమిషన్, అట్ట ఊడిపోతే ప్లాస్టరు వేసి అతికించిన లావుపాటి నిఘంటువు.

ఇబ్రహీంపట్నం బస్టాండు చుట్టుపక్కల బోర్డులు రాయించుకున్న వాళ్లందరూ ఆమెకు భయపడేవాళ్లు. చికెన్ సెంటర్ అని రాయబోయి కిచెన్ సెంటర్ అని రాయించిన కోళ్ల దుకాణం ఆయన్ని నిలబెట్టి, "తమ్మీ, నువ్వు కోళ్లమ్ముతున్నవా, వంటిల్లు అమ్ముతున్నవా?" అని అడిగింది. ఆయన నెల రోజులు ఆమె వచ్చే వేళకు షట్టరు సగం దించుకుని చివరికి బోర్డే మార్చాడు. ఇంట్లో ఆ ఇంగ్లీషంతా నా మీద పడేది. ఒకసారి మా నీళ్ల సంపులో ఎలుక పడి చచ్చి ఉబ్బింది. నేను ముక్కు మూసుకుని హేట్ అనే మాట వాడాను. అత్త చీపురు పక్కన పెట్టి మరీ పాఠం మొదలుపెట్టింది. "ఎలుక నీకేం జేసిందే, దాని మీద పగ పట్టనీకి? హేట్ అంటే ఎదుటోడు చెడిపోవాలె అని కోరుకునుడు. గిది డిస్గస్ట్. సంపు కడిగితే పోతది." లోద్ అంటే మనిషి మొత్తం పడకపోవడమట. హాస్టల్ వంటాయన ఒకడు అన్నంలో ఉమ్మేవాడనీ, ఆ తర్వాత అతని దగ్గు, నడక, చెప్పుల చప్పుడు వినబడినా కడుపులో దేవేదనీ చెప్పింది. డిటెస్ట్ అనే మాట పుట్టుకలో సాక్ష్యం ఉందని సిస్టర్ చెప్పిందట. పదిమంది ముందర నిలబడి ఇది నాకు సమ్మతం కాదని చెప్పడం. అభార్ అంటే వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మనకు తెలియకుండానే అడుగు వెనక్కి పడటం. "గది ఎక్కువ పనుల మీద అనాలె, మనుషుల మీద గాదు" అంది. ఎలుక అంతసేపూ సంపులోనే ఉంది.

చిన్నాయన గురించి చెప్పాలంటే ముందు అతని నవ్వు గురించి చెప్పాలి. వీధి మొదట్లో నవ్వితే మా ఇంట్లో తెలిసేది. నన్ను మొదటిసారి కాలేజీకి బండి మీద తీసుకుపోయింది అతనే. దారిలో మన్నెగూడ చౌరస్తాలో ఆపి, "ఎవడన్న ఏమన్న అంటే వాని పేరు నాకు చెప్పు, చాలు" అన్నాడు. ఆ మాట నాకప్పుడు ఎంత ధైర్యంగా అనిపించిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే పేరు చెబితే అతను ఏం చేస్తాడో నాకు తెలుసు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, మా ఇంటి ముందు ఒక వీధికుక్క అతని ప్యాంటు పట్టి గుంజింది. దాని వెనక కాళ్లు రెండూ పట్టుకుని ఎత్తి గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు, అది అరవడం ఆపాక కూడా. తర్వాత నల్లా కింద చేతులు కడుక్కుని, "బిడ్డా, ఐస్‌క్రీం తింటవా?" అన్నాడు. తిన్నాను కూడా.

అతనికి ఇరవై ఏళ్లప్పుడు కబడ్డీ ఆటలో గొడవై ఒక కుర్రాడి దవడ ఇటుకతో పగలగొట్టాడు. పోలీసులొస్తే అత్త సిటీ నుంచి వచ్చి, ఆ పూట తమ్ముడు తనను చూడటానికి హాస్టల్‌కు వచ్చి ఉన్నాడని చెప్పింది. వార్డెనమ్మ మాట కనుక నమ్మారు. ఆ కుర్రాడు తర్వాత కొన్ని నెలలు గంజి మాత్రమే తాగాడని, అత్త ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి పోయేదని బాపు చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న రోజులవి. చిన్నాయన వెంచర్లు వేసే పనిలో దిగి తెల్లచొక్కా, రెండు ఫోన్ల మనిషయ్యాడు. మన్నెగూడ పోయే వైపు అతను వేసిన వెంచరుకు రోడ్డు రావాలంటే ఒక చిన్న చెలక అడ్డం. అది బాయికాడి మామది. చుట్టరికం ఏమీ లేదు. బావి దగ్గర ఇల్లు కట్టుకుని ఉండేవాడు కనుక ఊరందరికీ బాయికాడి మామ. బక్కపలచని మనిషి, సీతాఫలాల కాలంలో గంప నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, కొనకపోయినా రెండు పండ్లు అరుగు మీద పెట్టిపోయేవాడు. ఆ చెలక మూలన వాళ్లమ్మను పూడ్చిపెట్టాడు. ఎవరెంత అడిగినా ఒకటే మాట: "మా అమ్మున్న జాగ అమ్ముకోలేను పటేలా." చిన్నాయన మొదట నవ్వుతూ అడిగాడు, తర్వాత నవ్వకుండా అడిగాడు.

ఎండాకాలం మొదట్లో ఒక సోమవారం, పొద్దున పదిన్నర ప్రాంతంలో, అత్త ఆటోలో వెంచరు దగ్గర దిగింది. చిన్నాయన భార్య పుట్టింటికి పోయి ఉంటే ఆ వారమంతా అతనికి టిఫిన్ డబ్బా అత్తే పట్టుకుపోతోంది. ఆమె దిగేసరికి జేసీబీ మామ చెలక గట్టున హద్దుకు పాతిన రాతి కడీలను పీకుతోంది. మామ దాని ముందు చేతులు చాపి నిలబడ్డాడు. చిన్నాయన ఏదో అన్నాడు, మామ ఏదో అన్నాడు. ఇంజన్ చప్పుడులో మాటలు వినబడలేదు. చిన్నాయన వంగి నేల మీదున్న గడ్డపార అందుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. మామ కూర్చుండిపోయి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. రెండో దెబ్బ ఆ చేతుల మీద పడింది. మూడోదానికి చేతులు అడ్డం లేవు. డ్రైవరు ఇంజన్ బందు చేయకుండానే దూకి పారిపోయాడు. అత్త పరుగెత్తిపోయి మామ తల ఒళ్లో పెట్టుకుని, పగిలిన చోట కొంగు అదిమిపట్టింది. కొంగు చాలక అరచేతులు పెట్టింది. వేళ్ల సందుల నుంచి వస్తూనే ఉందని చెప్పింది. మామ నీళ్లడిగాడు. తర్వాత, తన నెత్తురు అంటిన ఆమె చీరను చూసి, "చీర ఖరాబైంది వదినా" అన్నాడు. మూడో రోజు దవాఖానలో పోయాడు. అత్త పోలీసులకు చెప్పింది చెప్పినట్టు ఇది. ఇంకో ముక్క కూడా ఉందని మాకప్పుడు తెలియదు.

పారిపోయిన చిన్నాయన రెండు రోజులకు దొరికాడు. మా ఇంట్లో నరకం మొదలైంది. చిన్నాయన భార్య ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొచ్చి అత్త కాళ్ల మీద పడేసింది. "వీళ్లను చూసన్న నోరు మూసుకో వదినా" అని ఏడ్చింది. అత్త చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేసింది కాని మాట ఇవ్వలేదు. చిన్నాయన వెంట తిరిగే మనుషులు పట్టపగలు ఇంట్లోకి వచ్చి కుట్టుమిషన్ను ఎత్తి వాకిట్లో పడేసి బండరాయితో కొట్టి పోయారు. ఇంకో వారం కూరగాయల మార్కెట్ దగ్గర బండి మీద వచ్చిన ఇద్దరు ఆమె కొంగు పట్టి ఈడ్చారు. రోడ్డు మీద కొంత దూరం ఈడ్చుకుపోయింది బండి. మణికట్టు విరిగింది, మోకాళ్ల చర్మం లేచిపోయింది. "కోర్టుకు పోనీకి కాళ్లుండాలె కద" అన్నాడట వెనక కూర్చున్నవాడు. చుట్టూ టమాటలు, పచ్చిమిరపకాయలు తూకం వేయించుకుంటున్న జనం. అందరికీ అత్త తెలుసు. ఎవరూ ఏమీ చూడలేదు.

నేను కూడా ఆమె పక్కన లేను. ఆ నిజం ఇక్కడ రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. అప్పుడు నేను ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. కట్టు కట్టిన చేతికి దుప్పటి సర్దుతూ, "అత్తా, డ్రైవర్ చెప్తడేమో. నువ్వే ఎందుకు?" అన్నాను. ఆమె నా వైపు చూసి, "ఒకసారి వాని కోసం అబద్ధం చెప్పిన. ఇటుకతోని కొట్టినోడు గడ్డపార దాకా వచ్చిండు. ఇంకోసారి చెప్తే యాడిదాక వస్తడే?" అంది. నేను దుప్పటి ఇంకోసారి సర్దాను. నాకు చిన్నాయన బండి మీద మన్నెగూడ చౌరస్తా గుర్తుకొస్తోంది.

బాపు ఆర్టీసీ డ్రైవరు. జీవితంలో గట్టిగా హారన్ కొట్టడానికి కూడా మొహమాటపడే మనిషి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, చెప్పులు కూడా విప్పకుండా అత్త ఎదుట నిలబడ్డాడు. "ఉన్నది ఒక్కడే తమ్ముడు. నీ చేతులతోనే ఉరికంబం ఎక్కిస్తవా?" అన్నాడు. "నేను చూసింది చెప్త. ఎక్కించేది, దించేది కోర్టోళ్ల ఇష్టం" అంది అత్త. "నీకు పిల్లల్లేరు, సంసారం లేదు. నీకేం తెలుస్తది?" అన్నాడు బాపు. అత్త ముఖం మారింది. "అవ్, నాకు పిల్లల్లేరు. ఎందుకు లేరో నీకు తెల్వదా?" అంది. బాపు చేయి లేచింది. ఆ దెబ్బకు అత్త కండ్లద్దాలు ఎగిరి పొయ్యి దగ్గర పడి ఒక అద్దం పగిలింది. పెదవి చిట్లి గడ్డం మీదకు నెత్తురు జారింది. అరవై ఏళ్ల అక్కను, తనకు అన్నం తినిపించిన మనిషిని, బాపు కొట్టాడు. కొట్టి, అక్కడే నేల మీద చతికిలబడి తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఎక్కెక్కి ఏడ్చాడు. అత్త చేత్తో తడుముతూ కండ్లద్దాలు వెదికి పెట్టుకుంది. పగిలిన అద్దంలోంచి తమ్ముణ్ని చూస్తూ, "నువ్వు ఏడుస్తున్నవ్. నాకు గది చాలు" అంది. ఆ మాట నాకప్పుడు వింతగా తోచింది.

బెయిలు వచ్చేదాకా ఆరేడు నెలలు చిన్నాయన జైల్లో ఉన్నాడు. ప్రతి ఆదివారం ములాఖత్‌కు పోయింది అత్తే. ఉతికిన బట్టలు, పండ్లు, అతనికి పడే గ్యాస్ మాత్రలు పట్టుకుపోయేది. జాలీ అవతల అతను తిట్టేవాడట, బతిమాలేవాడట, కొన్నిసార్లు ముఖం తిప్పుకుని కూర్చునేవాడట. ఈమె అరగంటా నిలబడి వచ్చేది. ఊరికి ఇది అర్థం కాలేదు. సాక్ష్యం చెప్పేదానివి బట్టలెందుకు మోస్తున్నావని ఒకరు, బట్టలు మోసేదానివి సాక్ష్యం ఎందుకు చెబుతావని ఒకరు. ఆ రోజుల్లోనే అత్త ఇంట్లోకి చింతచిగురు రానివ్వడం మానేసింది. అమ్మ ఒకసారి తెచ్చి పప్పులో వేస్తే, ఆ వాసనకే వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. పులుపు పడటం లేదనుకున్నాం. వయసు మీద పడింది కదా అని అమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది.

కేసు విచారణకు వచ్చేసరికి నాలుగేళ్లు పట్టింది. జేసీబీ డ్రైవరు ఇంజన్ దుమ్ములో ఏమీ కనబడలేదని చెప్పి దిగిపోయాడు. మిగిలింది అత్త ఒక్కతే. బాపు రానన్నాడు. నేను వెళ్లాను. ధైర్యంతో కాదు, విరిగి సరిగా అతకని ఆ చేత్తో ఆమె ఒక్కతీ బస్సు కడ్డీ పట్టుకుని నిలబడటం ఊహించుకోలేక. కోర్టు గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఎవరికీ గాలి తగలడం లేదు. చిన్నాయన తెల్లచొక్కాలోనే ఉన్నాడు, జుట్టు పలచబడింది. జడ్జి నడివయసు మేడం. అత్త తెలుగులో చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పి రాయిస్తోంది. అత్త గట్టు మీది కడీల నుంచి "చీర ఖరాబైంది వదినా" దాకా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది.

తర్వాత చిన్నాయన లాయరు లేచాడు. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. "అమ్మా, మీ తమ్ముడంటే మీకు మొదటినుంచీ పడదు కదా?" అని అడిగాడు.

"నేనే పెంచిన సార్. పడకుంటే పెంచుతనా?"

"సరే. ఇప్పుడు?"

అత్త "ఇప్పుడు రోత" అంది.

లాయరు ముఖంలో సంతోషం కనబడింది. జడ్జి మేడం టైపిస్టుకు చెప్పింది: నిందితుడంటే నాకు హేట్ అన్నమాట నిజమే, అని. ఆ మాటతో లాయరు ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. పగతో చెప్పే సాక్ష్యానికి విలువ లేదంటాడు. ఉన్న ఒక్క సాక్షి కొట్టుకుపోతుంది. ఆయన అక్కడ ఆగి కూర్చుని ఉంటే కథ వేరుగా ఉండేది. కాని ఇంకో అడుగు వేశాడు. "రోత ఎందుకమ్మా? మీ నాయన ఆస్తిలో మీకు ఏమీ ముట్టలేదనా?"

అత్త అప్పటిదాకా తమ్ముడి వైపు చూడలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. "మామ నా ఒళ్లె కొట్టుకుంటున్నడు సార్. వీడు గడ్డపార పక్కకు పడేసిండు. డ్రమ్ముల నీళ్లు ముంచి చేతులు కడుక్కున్నడు. నేను కింద పడేసిన డబ్బా తీసి దుమ్ము దులిపిండు. మూత తీసి, 'అక్కా, చింతచిగురు పప్పా?' అన్నడు. రోజు ఎట్ల అడుగుతడో గట్లనే. కోపం లేదు, భయం లేదు. రాయి మీద కూసోని రెండు బుక్కలు తిన్నడు. గప్పుడే ఎనకకు జరిగిన సార్. మామ నెత్తి నా ఒళ్లె ఉంటె, కూసున్నదాన్ని కూసున్నట్టే ఎనకకు జరిగిన."

చిన్నాయన తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటున్నాడు. అతని పెదవులను నేను చూశాను. నాకు ఐస్‌క్రీం కొనిచ్చిన రోజు నల్లా దగ్గర ఉన్నట్టే, మామూలుగా ఉన్నాయి. లాయరు ఫైలు మూసి కూర్చున్నాడు.

టైపు చేసిన కాగితాలు సంతకానికి ఇచ్చారు. ముసలావిడ వేలిముద్ర వేస్తుందనుకుని బంట్రోతు సిరా డబ్బా తీశాడు. అత్త కండ్లద్దాలు సర్దుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. మూడో పేజీలో ఆగింది. "మేడం, గిది నేనన్న మాట గాదు" అంది.

లాయరు చటుక్కున లేచాడు. ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు మార్చుకుంటే కుదరదన్నాడు.

"నేను మారుస్తలేను సార్. నేనన్నది రోత. మీరు రాసుకున్నది పగ" అంది అత్త.

జడ్జి మేడం కాగితం వెనక్కి తీసుకుని చూసింది. ఆమెకు విసుగొచ్చిందేమోనని భయపడ్డాను. "తేడా ఏమిటమ్మా?" అని అడిగింది.

"హేట్ ఉంటే వాడు చెడిపోవాలె అని ఉంటది మేడం. జైల్ల ఉన్నన్ని దినాలు వానికి బట్టలు మోసిన. గ్యాస్ మాత్రలు మోసిన. వాడు మంచిగుండాలె అనే ఇప్పటికీ మొక్కుతున్న. పగ పట్టినోళ్లు గట్ల చేస్తరా?"

"అయితే డిస్గస్ట్ అని రాయమంటారా?"

"గది కడుక్కుంటే పోయేది మేడం. గిది నాలుగేండ్ల సంది పోలే."

జడ్జి మేడం ఈసారి నిజంగానే ఆమె వైపు వంగింది. "లోద్?"

అత్త బోను కడ్డీ పట్టుకుంది. "గా మాట మనిషి మీద పోతది మేడం. నా చంకల పెరిగిన పిల్లగాడు. వాన్ని నేను గా మాట అనలేను. వాడు చేసిన పని మీద అంటున్న. అభార్ అని రాయండి."

చివరికి ఆ కాగితంలో పడిన వాక్యాలు ఇంగ్లీషులో చాలా చిన్నవి. నిందితుడి మీద నాకు హేట్ లేదు. అతను చేసినదాన్ని అభార్ చేస్తాను. అత్త వాటిని రెండుసార్లు చదువుకుని, వంకర మణికట్టుతోనే, హాస్టల్ రిజిస్టర్లో చేసినంత శ్రద్ధగా ఇంగ్లీషులో సంతకం చేసింది.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. యావజ్జీవం. పోలీసులు చిన్నాయనను తీసుకుపోతుంటే అతని భార్య వరండాలో అత్త మీద పడింది. జుట్టు పట్టి కిందికి గుంజి, చెప్పు తీసి ముఖం మీద, మెడ మీద కొట్టింది. "ఇగ నీ కడుపు నిండిందా? నిండిందా?" అంటూ కొట్టింది. విడిపించబోయిన నా చేతిని కొరికింది. ఆ మచ్చ బొటనవేలి కింద ఇప్పటికీ ఉంది. అత్త ఒక్కసారి కూడా చేయి అడ్డం పెట్టుకోలేదు. జనం గుంజి పక్కకు తీశాక లేచి, ఊడిన ముడి వేసుకుని, "దాని చెప్పు అటు పడ్డది. తీసి ఇయ్యి" అని నాతో అంది. బయట చెట్టు కింద బాయికాడి మామ భార్య నిలబడి ఉంది. వచ్చి అత్త ముఖం తన కొంగుతో తుడిచింది. ఆమె తీర్పు విని సంతోషపడినట్టు కూడా నాకు కనబడలేదు.

ఆ తర్వాత మూడేళ్లపాటు నెలకోసారి అత్త జైలుకు పోయింది. మొదటి ఏడాది ఒంటరిగా. రెండో ఏడాది ఒకరోజు బాపు బండి తీసి వాకిట్లో నిలబెట్టాడు. ఆమె వెనక ఎక్కి కూర్చుంది. బాపు గేటు బయటే ఆగేవాడు, లోపలికి పోయేవాడు కాదు. వచ్చేటప్పుడు ఇద్దరూ ఎక్కడో ఒకచోట ఆగి చాయ్ తాగేవాళ్లు. కొట్టిన దెబ్బ గురించి బాపు ఎప్పుడైనా క్షమాపణ అడిగాడో లేదో నాకు తెలియదు. కొత్త కండ్లద్దాలు మాత్రం ఆయనే చేయించాడు. లోపల తమ్ముడితో ఏం మాట్లాడతావని నేను అడిగితే, "ఆరోగ్యం అడుగుత. వాడు ఊళ్లె సంగతులు అడుగుతడు" అనేది. చేసినదాని గురించి అతను ఒక్కసారైనా నోరు విప్పాడా అంటే, తల అడ్డంగా ఊపేది. అయినా ఎందుకు పోతావంటే కండ్లద్దాలు తీసి తుడుచుకునేది. నిఘంటువులో వెదికినా దొరకని మాటలు ఆమెకు కూడా కొన్ని ఉండేవి.

రెండేళ్ల కిందట, జ్వరం వచ్చి వారం రోజుల్లోనే అత్త పోయింది. సమాధి కార్యక్రమానికి చిన్నాయనను ఒక పూట పెరోల్ మీద తీసుకొచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్లు చెరో పక్క. పూర్తిగా నెరిసిన తల, లోపలికి పోయిన బుగ్గలు. పెట్టె దించేటప్పుడు తాడు పట్టుకుంటానని ముందుకొచ్చాడు. అందరూ బాపు వైపు చూశారు. బాపు తన చేతిలోని తాడు కొసను అతనికిచ్చాడు. మట్టి వేయడం అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చి, వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఊరు ఊరంతా దూరంగా నిలబడింది. నేను నీళ్లిచ్చాను. "పిల్లలకు మంచిగ చెప్తున్నవా బిడ్డా?" అని అడిగాడు. అదే గొంతు. నా లోపల అత్త నేర్పిన మాటలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. ఏదీ సరిపోలేదు. ఏదీ పూర్తిగా తప్పు కూడా కాలేదు. "చెప్తున్న" అన్నాను.

అప్పుడే ఇంట్లోంచి నా కూతురు బయటికి వచ్చింది. దానికప్పుడు మూడేళ్లు. పోలీసు టోపీలను కొంచెంసేపు చూసి, వాటికంటే ముసలాయన నయమనుకుందేమో, నేరుగా పోయి చిన్నాయన మోకాళ్ల మీదికి ఎక్కి కూర్చుంది. అతని చేతులు గాలిలో ఆగిపోయాయి. పట్టుకోవాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. బాపు కూడా నన్నే చూశాడు. లాక్కోవడానికి నేను ఒక అడుగు వేశాను కూడా. పాప అతని గడ్డం మీది తెల్లవెంట్రుక ఒకటి పట్టి గుంజి నవ్వింది. అతను నవ్వలేదు. చేతులు మెల్లగా దించి, పడిపోకుండా దాని వీపు వెనక అడ్డం పెట్టాడు. కానిస్టేబుల్ గడియారం చూసుకునేదాకా, బహుశా రెండు మూడు నిమిషాలు, నేను వేసిన ఆ ఒక్క అడుగు దగ్గరే నిలబడ్డాను. ఏమీ మరవలేని మనలాంటి వాళ్ల మధ్యలోకి, ఏమీ తెలియని వాళ్లను పంపి కూర్చోబెట్టడం తప్ప కాలం ఇంకేం చేయగలదో నాకు ఇప్పటికీ తెలియదు.